ఆస్తిక నాస్తిక దైష్టిక విచారము: కృష్ణాతీరమునఁ బురుషార్థచింత

మనుష్యజీవితమునకు అర్థమేమి యను ప్రశ్న తాత్త్వికులకు మాత్రమే చెందినది కాదు, వైయాకరణులకును అడ్డువచ్చునట్టిది. ఏలన, అర్థశబ్దమే అనేకార్థకము. అభిధేయము, ధనము, వస్తువు, ప్రయోజనము, నివృత్తి యని అమరసింహుఁడు దీనికి అయిదర్థములను చెప్పెను. పురుషార్థశబ్దమునందు ప్రయోజనరూపమగు అర్థమునే పెద్దలు గ్రహించిరి. అయినను తక్కిన యర్థములు ఆ శబ్దమును విడిచిపోలేదు. ధనమే ప్రయోజనమని యొకఁడును, నివృత్తియే ప్రయోజనమని వేఱొకఁడును వాదించుచునే వచ్చిరి. ఈ వాదములు గ్రంథములయందే గాక రాళ్లమీఁదను, రాగిఱేకులమీఁదను నిలిచి కానవచ్చు దేశములలో కృష్ణాతీరము ముఖ్యమైనది. అమరావతి మొదలు విజయవాడ మీఁదుగా భట్టిప్రోలు, ఘంటసాల, శ్రీకాకుళము వఱకుఁ గల యీ సీమలో రెండువేలయేండ్లకు మించి పురుషార్థవిచారము తెగక సాగినది.

ఈ చరిత్రను గుఱించి రెండు పక్షములు లోకమున వ్యాపించియున్నవి. బౌద్ధమును జైనము, జైనమును శైవము, శైవమును వైష్ణవము వరుసగా మ్రింగెననియు, ఈ చరిత్ర జయపరాజయముల చరిత్రయే యనియు నొకపక్షము. మనదేశమున మతములన్నియు నెన్నఁడును కలహింపక అన్నదమ్ములవలె వర్తిల్లెననియు, కలహము పరదేశీయుల కల్పనమనియు రెండవపక్షము. ఈ రెండును శాసనప్రమాణమునకు నిలువవు. అది చూపుటకు ముందు ఆస్తిక నాస్తిక శబ్దముల విచారము కొంత చేయవలసియున్నది. ఏలన, ఈ చరిత్రలోని కలహములకు పెక్కింటికి ఆ శబ్దములే ఆయుధములైనవి.

1. శబ్దవిచారము

ఆస్తికుఁడు, నాస్తికుఁడు, దైష్టికుఁడు అను మూఁడు శబ్దములను పాణిని యష్టాధ్యాయి నాలుగవ యధ్యాయమున ఒక్క సూత్రముచేతనే సాధించెను. అస్తి, నాస్తి, దిష్టము అను మూఁటిమీఁద, అట్టి బుద్ధి యెవనికిఁ గలదో వాఁడనెడు అర్థమున ఠక్ప్రత్యయము వచ్చును. ఏది కలదు, ఏది లేదు అను విషయము సూత్రమున లేదు. పరలోకము కలదను బుద్ధి గలవాఁడు ఆస్తికుఁడనియు, తద్విపరీతుఁడు నాస్తికుఁడనియు కాశికాకారుఁడు వివరించెను. దీక్షితుల కౌముదియు ఈ త్రోవనే పోయినది.

ఈ వివరణమున వేదము పేరు లేదు. ఈశ్వరుని పేరును లేదు. పరలోకమును, కర్మఫలమును అంగీకరించిన బౌద్ధుఁడును జైనుఁడును వైయాకరణుల లెక్కలో ఆస్తికులే. వేదనిందకుని నాస్తికుఁడని మనుస్మృతి చెప్పినది. ఈశ్వరుని లేదనువాఁడు నాస్తికుఁడని నేఁటి లోకవ్యవహారము. ఒక్క శబ్దమునకు ఈ మూఁడు లక్షణములు ఏర్పడుటచేత, ఒకని ఆస్తికుఁడు మఱొకనికి నాస్తికుఁడగుట తప్పినది కాదు. వ్యాకరణమునందు నిందాగంధములేని శబ్దము మతవాదుల చేతఁబడి నిందయైనది.

మూఁడవ శబ్దమగు దైష్టికుని పండితులు మఱచినట్లున్నారు. కాశికాకారుఁడు ప్రమాణానుసారిణియగు బుద్ధిగలవానిని దైష్టికుఁడనెను. అమరుఁడో దిష్టశబ్దమును దైవ, భాగ్య, నియతి శబ్దములతోడఁ జేర్చి చదివెను. ఆ లెక్కను దైష్టికుఁడన, అంతయు ముందే నిర్ణయింపఁబడినది, పురుషుఁడు చేయఁగలది లేదు అనువాఁడు. వ్యాకరణమున స్వతంత్రుఁడే కర్త. దైష్టికుని మతమున పురుషునకు స్వాతంత్ర్యము లేదు గనుక కర్తృత్వమును లేదు. కర్త లేనిచోట పురుషార్థమనుట యెట్లు? ఈ ప్రశ్నను చేతఁబట్టుకొని కృష్ణాతీరపు చరిత్రను చూడవలెను.

2. భట్టిప్రోలు, ఘంటసాల

క్రీ. శ. 1892లో అలెగ్జాండరు రీ అను పురావస్తుశాఖాధికారి భట్టిప్రోలు స్తూపమును త్రవ్వించి, బుద్ధధాతువులు గల మూఁడు రాతి పేటికలను వెలికిఁ దీసెను. వానిమీఁది ప్రాకృతలేఖనములు క్రీస్తునకుఁ బూర్వపువి, లిపి బ్రాహ్మీభేదము. వానిని బ్యూలరు పండితుఁడు చదివి ప్రకటించెను. వానియందు కుబిరకుఁడను రాజు పేరు కలదు. అయినను ఎక్కువ చోటు ఆక్రమించినవి రాజనామములు కావు; గోష్ఠియందును నిగమమునందును జేరిన గృహస్థుల పేళ్లు. ఒక పేటికను, స్ఫటికపు భరిణను సమర్పించినవారు కురుని తండ్రి, కురుని తల్లి, కురుఁడు, శివుఁడు అని లేఖనము చెప్పుచున్నది.

ఇందు గమనింపఁదగిన సంగతులు రెండు. మొదటిది, బుద్ధధాతువునకు భరిణ చేయించినవారిలో నొకని పేరు శివుఁడనుట. ఆ పేరు పెట్టిన తలిదండ్రులకు ఏ దేవుని యందు భక్తియో మనకుఁ దెలియదు గాని, పేరునుబట్టి మతమును విభజించు నేఁటి యలవాటు నాఁడు లేదని మాత్రము తెలియుచున్నది. రెండవది, ఆ పేళ్లన్నియు షష్ఠీవిభక్తియం దుండుట. కృద్యోగమున కర్తకు షష్ఠి వచ్చునని శబ్దజ్ఞు లెఱుఁగుదురు. నిర్వాణమనఁగా ఆఱిపోవుట, నివృత్తియే పరమప్రయోజన మని యా ధర్మము బోధించును. అట్టి ధర్మము నాశ్రయించినవారే రాతిమీఁద తమ కర్తృత్వమును చెక్కించుకొనిరి. ఆత్మ లేదన్న మతమును నమ్మినవారు కర్తను విడువలేదు. వారికి దానము కర్మ, కర్మకు ఫలము కలదు.

ఘంటసాలయు నిట్టిదే. టాలమీ యను గ్రీకు భూగోళశాస్త్రజ్ఞుఁడు కంటకస్సిల యని పేర్కొన్న రేవుపట్టణ మిదియే యని విద్వాంసులు నిర్ణయించిరి. సముద్రవ్యాపారమున ధనము నార్జించినవారు ఇచ్చట స్తూపమును పోషించిరి. ధనరూపమగు అర్థమును, నివృత్తిరూపమగు అర్థమును ఒక్కచోటఁ గూడియుండుట వీరియందుఁ గాననగును.

3. భావవివేకుఁడు

క్రీ. శ. 6వ శతాబ్దివాఁడగు భావవివేకుఁడను మాధ్యమికాచార్యుని పేరు ఈ దేశముతోఁ గూడియున్నది. అతఁడు మధ్యమకహృదయమను కారికాగ్రంథమును, దానికి తర్కజ్వాల యను వ్యాఖ్యను రచించెను. అందు స్వయూథ్యులగు శ్రావకయోగాచారులనే గాక సాంఖ్య, వైశేషిక, వేదాంత, మీమాంసకుల మతములను గూడ వేఱువేఱు ప్రకరణములయందు అనువదించి, పిదప ఖండించెను. పరమతమును ముందుగా ఆ మతమువారు ఒప్పుకొనునట్లు చెప్పి పిమ్మట విమర్శించుట యీ గ్రంథపు మేలిగుణము. సంస్కృతమూలము మనదేశమున నశింపఁగా, 1936లో రాహుల సాంకృత్యాయనుఁడు టిబెట్టులోని యొక విహారమున దాని తాళపత్రప్రతిని కనుఁగొనెను.

క్రీ. శ. 639 ప్రాంతమున ధనకటకదేశమునకు వచ్చిన చీనాయాత్రికుఁడు హ్యూన్‌త్సాంగు ఈ యాచార్యుని గుఱించి యొక కథను వ్రాసెను. నిలిచిన సందేహములను మైత్రేయబుద్ధుని యొద్దనే తీర్చుకొనవలె ననియు, అంతవఱకు దేహమును నిలుపుకొనవలె ననియు భావవివేకుఁడు సంకల్పించెను. మనుష్యజీవితము అస్థిరము, పుణ్యము చేసి తుషితస్వర్గమునఁ బుట్టుమని అవలోకితేశ్వరుఁడు చెప్పినను అతఁడు సంకల్పము మార్చుకొనలేదు. పెక్కేండ్లు మంత్రమును జపింపఁగా నగరమునకు దక్షిణమున నున్న కొండబండ విచ్చుకొనెను. లోనికి రండని జనమును పిలిచెను. పాముల బిల మని జడిసి జనులు వెనుదీసిరి. ఆఱుగురు మాత్రము వెంట నడచిరి. బండ మూసికొనెను.

ఆ కొండ విజయవాడ యొద్దిదే యని కొందఱు పూర్వపరిశోధకులు తలఁచిరి. స్థలనిర్ణయ మెట్లున్నను కథ తాత్పర్యము స్పష్టము. సర్వమతములను తర్కముతో విమర్శించిన వానికిని తుదకు సందేహము మిగిలెను. ఆ సందేహమును అతఁడు దైవమునకు విడువలేదు. తీర్చుకొనుటకు తానే పూనుకొనెను. ఆ యాత్రికుఁడే ఈ దేశమునఁ బెక్కు సంఘారామములు పాడువడియున్నవనియు, ఇరువది మాత్రము నడచుచున్నవనియు వ్రాసెను. బౌద్ధము క్షీణించుట శైవుల విజృంభణమునకుఁ జాల ముందే మొదలైనదనుటకు ఇది సాక్ష్యము. ఒక మతము వేఱొకదానిని మ్రింగెనను పక్షమున కిది మొదటి బాధకము.

4. బెజవాడ శాసనములు

వేంగీచాళుక్యుల కాలమునకు వచ్చినచో బెజవాడ చరిత్ర మఱింత విశదమగును. కుబ్జవిష్ణువర్ధనుని రాణి అయ్యణమహాదేవి 7వ శతాబ్దిలో బెజవాడయందలి నడుంబివసతి యను జైనాలయమునకు ముసినికొండ గ్రామమును దానముగా నిచ్చెను. 8వ శతాబ్దిలో మూఁడవ విష్ణువర్ధనుఁడు ఆ దానమును మరల స్థిరపఱచెను. క్రీ. శ. 945లో రాజ్యమునకు వచ్చిన రెండవ అమ్మరాజు విజయవాటియందలి రెండు జినాలయములకు భూదానము చేసెను. ఆ రాజే ఆ పట్టణముననే సమస్తభువనాశ్రయమను శివాలయమునకును, దానిని నడపు కాలాముఖ తపస్వులకును తాండికొండ శాసనముచే గ్రామదాన మిచ్చెను.

జైనునకు ప్రయోజనము కర్మక్షయము. దానికి సాధనము అహింసాతపస్సులు. జగత్కర్తయగు ఈశ్వరుఁడు వాని మతమున లేఁడు. కాలాముఖునకు శివసాయుజ్యమే ప్రయోజనము; శివుఁడు లేనిదే యేదియు లేదు. ఇంతకంటెఁ బరస్పరవిరుద్ధములగు మతములను కల్పించుట కష్టము. ఆ రెంటికిని ఒకే రాజు, ఒకే యూర, ఒకే రాజ్యకాలమున భూమి నిచ్చెను. రాజనీతిచే నిచ్చెనందుమా, పుణ్యాపేక్షచే నిచ్చెనందుమా, రెంటిలో నేదైనను జయపరాజయవాదులకు అనుకూలము కాదు.

ఇంతమాత్రమునకే సర్వసామరస్యవాదులు సంతసింపరాదు. ఆ 10వ శతాబ్దిదే, తెలుఁగు ఛందశ్చరిత్రలోఁ బేరుగన్న యుద్ధమల్లుని బెజవాడ శాసనము. మధ్యాక్కరలలో నున్న యీ శాసనమును జయంతి రామయ్యపంతులవారు పరిష్కరించి ప్రకటించిరి. ఛందోవిశేషమునకై దీనిని పలువురు చదివిరి గాని యందలి విషయమును కొందఱే తలఁచిరి. కుమారస్వామి గుడిని, మఠమును గుఱించి చెప్పుచు, ఆ మఠమున గొరగలు తక్క నన్యులు నివసింపరాదని యిది శాసించుచున్నది. అట్లు నివసించిన వారికిని, ఉండనిచ్చిన వారికిని మహాపాతకమును విధించుచున్నది. అన్యులు వచ్చి చొరఁబడు భయము లేనిచో నిట్టి నిషేధమునకుఁ బ్రసక్తియే లేదు. దానమిచ్చుటయందు ఔదార్యము, ఇచ్చినదానిని కాచుకొనుటయందు కాఠిన్యము, రెండును ఆ యూరనే యుండినవి.

5. చందవోలు, అమరావతి

కాఠిన్యము హింసగా మాఱిన సంగతియు దాఁచఁదగదు. మల్లికార్జున పండితారాధ్యుఁడు 12వ శతాబ్దివాఁడు. అతని చరిత్రను కావ్యముగా రచించిన పాలకురికి సోమనాథుఁడు చందవోలు కథను చెప్పెను. వెలనాటిచోడుని సభలో పండితునకును బౌద్ధాచార్యునకును వాదము జరిగినది. పిమ్మట పండితుని శిష్యులు ఆ బౌద్ధుని చంపిరి. రాజు కోపించి పండితుని కన్నులు తీయించెను. శివప్రసాదమున కన్నులు మరల వచ్చెనని కావ్యము.

సోమనాథుఁడు పండితునియందు పరమభక్తి గలవాఁడు. అట్టివాఁడు ఈ వధను దాఁపక చెప్పుటచే, భక్తుల దృష్టిలో నది దోషము గాక వ్రతనిష్ఠగానే తోఁచెనని యూహింపవచ్చును. ఇచట నాస్తికశబ్దము నిందయై, నింద దండనయైనది. భావవివేకుఁడు పరమతమును అనువదించి ఖండించిన సీమలోనే, ఆఱు శతాబ్దుల పిదప ఖండనము ఖడ్గమునకు దిగెను.

ఆ శతాబ్దిలోనే, క్రీ. శ. 1182లో, అమరావతిలో కోట కేతరాజు వేసిన శాసన మిందుకు ప్రతిపక్షము. అతఁడు అమరేశ్వరుని భక్తుఁడు. అయినను అచటి బుద్ధదేవునకు గ్రామములను, అఖండదీపములను ఇచ్చెను. కాలమొక్కటియే, నదియొక్కటియే, చందవోలున బౌద్ధునకుఁ జావు, అమరావతియందు బుద్ధునకు దీపము. కాఁబట్టి మతము మతమును గాని, యుగము యుగమును గాని నిందించుట తగదు. చేసినవాఁడు మనుష్యుఁడు; కర్తృత్వము వానియందే నిలుచును.

6. భక్తిమార్గము

16వ శతాబ్ది మొదలు పురుషార్థచింత మఱియొక త్రోవఁ బట్టినది. కళింగదండయాత్రలో విజయవాడకు వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు శ్రీకాకుళమున ఏకాదశీవ్రతముండి, స్వప్నమున ఆంధ్రమహావిష్ణువు ఆజ్ఞనొంది ఆముక్తమాల్యదను రచించినట్లు ఆ కావ్యపీఠికయే చెప్పుచున్నది. అందలి కథానాయిక కోరినది మోక్షమును గాదు, రంగనాథునే. సమీపమందలి మొవ్వ పేరు క్షేత్రయ్య పదములతోఁ జేరినది. దాని చెంతనే యున్న కూచిపూడి భామాకలాపమునకును సిద్ధేంద్రయోగి పేరునకును నెలవు. కూచిపూడి యగ్రహారమును గోలకొండ నవాబు తానీషా యిచ్చెనని పరంపరగా వచ్చుమాట.

చతుర్విధపురుషార్థములలో కామము మూఁడవది, మోక్షము నాలుగవది. మొదటిదానిని విడిచినఁగాని రెండవది రాదని పూర్వుల నిర్ణయము. కృష్ణాతీరపు పదకర్తలును నాట్యాచార్యులును ఆ మెట్టును చెఱిపివేసిరి. కామమునే దేవునివైపు త్రిప్పిన నదియే మోక్షమని వీరి సిద్ధాంతము. సత్యభామ గర్వము తపస్సుచేతఁ గాక విరహముచేత అణఁగును. శాస్త్రము చదువని గ్రామీణునకుఁ బురుషార్థవిచారమును రాత్రి నాటకమున నందించినది ఈ మార్గమే. భక్తుఁడు ప్రపన్నుఁడే యైనను దైష్టికుఁడు కాఁడు. పిలుచుట, వేఁచియుండుట, అలుగుట, ఇవి యన్నియు వాని కర్తృత్వమే.

7. ఆనకట్టయు నాధునికులును

నందననామ సంవత్సరమున, 1832-33లో, వచ్చిన కఱవు ఈ దేశమున దైష్టికమతమునకు మిక్కిలి బలమిచ్చినది. గుంటూరుసీమలో లెక్కకు మిక్కిలి జనులు మడిసిరి. వ్రాఁత యనుటకంటె వేఱు మాట తోఁచని కాల మది. 1852 మొదలు 1855 వఱకు విజయవాడయొద్దఁ గట్టఁబడిన ఆనకట్ట ఆ మాటకు ప్రత్యుత్తరము. నీరు కాలువలఁ బాఱి మెట్టనేల మాగాణియైనది. ధాన్యము వచ్చినది, ధాన్యముతో బడులును, పత్రికలును, ప్రశ్నలును వచ్చినవి. పాఁత యానకట్టకు మాఱుగా ప్రకాశము బ్యారేజి 1957లో వచ్చినది.

ఆ మాగాణిసీమ బిడ్డలే ఆధునికవాదులు పెక్కురు. గుడివాడ చెంత అంగలూరునఁ బుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి (1887-1943) సూతపురాణమున పురాణప్రామాణ్యమునే ప్రశ్నించి, తెనాలియందు సూతాశ్రమమున నుండి తెలుఁగుమంత్రములతోడి వివాహవిధిని ప్రచారము చేసెను. నందమూరునఁ బుట్టిన విశ్వనాథ సత్యనారాయణ (1895-1976) విజయవాడ కళాశాలలో తెలుఁగు బోధించుచు, స్వధర్మము శిథిలమగుటయే జీవితార్థము శిథిలమగుట యను తలఁపును వేయిపడగలయందు నిలిపెను. విజయవాడయందుండి కట్టుబాట్లన్నిఁటిని ధిక్కరించిన గుడిపాటి వేంకటచలము 1950లో రమణమహర్షి యాశ్రమముండు అరుణాచలమునకుఁ దరలిపోయెను. ఒకే సీమలో, ఒకే తరమున, మూఁడు త్రోవలు.

నాలుగవ త్రోవ గోపరాజు రామచంద్రరావుగారిది (1902-1975). గోరా యని ప్రసిద్ధుఁడైన యీయన నాస్తికభావములకై కాకినాడయందు అధ్యాపకపదవిని కోల్పోయి, పిదప బందరున బోధించి, 1940లో కృష్ణామండలపు ముదునూరునందు నాస్తికకేంద్రమును స్థాపించెను. 1947లో అది విజయవాడకు మాఱినది. సహపంక్తి భోజనములు, అస్పృశ్యతానివారణము ఆ కేంద్రపు నిత్యకృత్యములు. గాంధీమహాత్మునితో నీయన జరిపిన సంవాదము 1951లో గ్రంథముగా వెలువడినది. గోరాగారి కుమార్తెకు హరిజనయువకునితో వివాహము తన యాశ్రమమున జరుగుటకు గాంధీ సమ్మతించెను. ప్రమాణమున దేవుని పేరునకు బదులుగా సత్యము పేరు చెప్పుటకును సమ్మతించెను. గాంధీ మరణానంతరము 1948లో సేవాగ్రామమున ఆ వివాహము జరిగినది.

ఇచట శబ్దవిచారము మరల పనికివచ్చును. దేవుఁడు లేఁడనుట కంటె, మనుష్యుఁడు తన్నుఁ దాను పరాధీనునిగాఁ దలఁచుట మానవలెననుట గోరాగారి మతమునకుఁ బ్రధానాంశము. కావున ఆయన నాస్తికత్వమునకు ముఖ్యశత్రువు ఆస్తికుఁడు కాఁడు, దైష్టికుఁడు. గాంధీ యాస్తికుఁడే; కాని కర్మయోగి యగుటచే దైష్టికుఁడు కాఁడు. అందుచేతనే ఆ యిరువురును, జీవితప్రయోజనమును గుఱించి తుదివఱకు భిన్నాభిప్రాయులై యుండియు, ఒకే పంక్తిని గూర్చుండఁగలిగిరి.

8. సిద్ధాంతము

పైని చెప్పిన ప్రమాణములవలన మూఁ డంశములు తేలుచున్నవి. ఒకటి: కృష్ణాతీరమున పురుషార్థమును గుఱించి ఏకాభిప్రాయ మెన్నఁడును లేదు, లేకపోవుట యిందలి కొఱఁత కాదు, స్వభావము. రెండు: ఆ భేదము ఒకప్పుడు దానముగను, ఒకప్పుడు నిషేధముగను, ఒకప్పుడు హత్యగను ఫలించినది, భేదము తనంత మంచిదియుఁ గాదు, చెడ్డదియుఁ గాదు. మూఁడు: ఇచట నాటుకొని నిలిచిన మతములన్నియు, ఈశ్వరుఁడు కలఁడన్నవియు లేఁడన్నవియు, పురుషుని కర్తగా నంగీకరించినవే. బౌద్ధునకు కర్మ, జైనునకు తపస్సు, కాలాముఖునకు వ్రతము, భక్తునకు ప్రేమ, గోరాగారికి సంఘసేవ. దైష్టికమతము కఱవుకాలమున జనుల నోళ్లలో వినవచ్చినది గాని, తన పేరనొక స్తూపమును, వసతిని, మఠమును, కేంద్రమును ఈ నేలమీఁద నిలుపలేదు. చేయువాఁడు లేఁడను మతమునకు చేసినపని సాక్ష్యముగా నెట్లుండును?

పాఠశాలలలో ఆస్తిక నాస్తిక శబ్దములకు అర్థము చెప్పునపుడు ఒకదానిని స్తుతిగను, ఒకదానిని నిందగను చెప్పు నలవాటు నేఁటికిని పోలేదు. సూత్రకారుఁడు రెంటిని ఒక్క ప్రత్యయముతో, ఒక్క పంక్తిలో సాధించెను. విద్యార్థికి ఆ పంక్తితో మూఁడవ శబ్దమునుగూడ చెప్పవలెను. చందవోలు కథను, అమరావతి దీపమును ఒకేనాఁడు చెప్పవలెను. అప్పుడు వాఁడు ఏ మతము నాశ్రయించినను, ఎదుటివాని మతమును ఎదుటివాఁడు ఒప్పుకొనునట్లు చెప్పి, పిమ్మటనే ఖండింప నేర్చుకొనును.